నూట ఇరవై నాలుగో లీటరు

ఇంకా 24 రోజులు

జీపు మీది టార్పాలిన్ తీశాను. రెండేళ్ల దుమ్ము. సీటు కింద తొండ ఒకటి ఉంటే తోలేశాను. బ్యాటరీ చచ్చింది. నాలుగు టైర్లలోనూ గాలి లేదు. ఇంజను చేత్తో తిప్పితే తిరిగింది.

ఊరి బండి బయటికి పోయే ప్రతిసారీ దాన్ని సిద్ధం చేసేవాడు పని చేసిన రోజు లెక్క రాయాలి. బయల్దేరే ముందు రోజు ఆ పుస్తకాన్ని డెబ్భై ఇళ్లవాళ్ల ముందు మొదటి నుంచి చివరి దాకా చదువుతారు. చదివేది కాశీపతి. కుళాయి సొసైటీకి ఆయన పెద్ద. నా పని రాయడం. నేను బడికి పోలేదు. ఆయిల్ డబ్బాల మీద, స్పేర్ పార్టుల అట్టపెట్టెల మీద అక్షరాలు నేర్చుకున్నాను. వస్తువుల పేర్లు, కొలతలు తప్పు లేకుండా రాస్తాను. మిగతావి రాయను.

పని ఇది. ఊరికి ఉన్నది ఒకే బోరు, పన్నెండు వందల అడుగులు. లోపలి మోటారు అరుస్తోంది. రెండు నెలలకు మించి రాదు. కొత్త మోటారు రేవు డిపోలో ఉంది. వంతెనలు లేవు కాబట్టి గుట్టల వెంబడి చుట్టు తిరిగి పోవాలి. 840 కిలోమీటర్లు. రోజుకు 60 చొప్పున 14 రోజులు. మధ్యలో ఊరు లేదు, నీళ్లు లేవు. తిరిగి రావడానికి కావలసినవి రేవు వాళ్లు ఇస్తారు.

నడిపేది ఉరుకుందమ్మ. నా కొడుకు మారెప్ప భార్య. పక్కన నేను.

రెండేళ్ల కిందట ఇదే జీపులో, ఇదే మోటారు కోసం మారెప్ప, ఉరుకుందమ్మ పోయారు. పదో రోజు పొద్దున నీళ్లు అయిపోయాయి. పన్నెండో రోజున ఒంటెలవాళ్లు చూశారు. వాళ్ల నీళ్లు పోసుకుని ఆమె జీపు నడుపుకుంటూ వెనక్కి వచ్చింది. మారెప్ప రాలేదు.

అప్పుడూ జీపు సిద్ధం చేసింది నేనే. నీళ్ల ట్యాంకు అతికింది నేనే. 210 లీటర్లు పోశామని నా పుస్తకంలో ఉంది. తొమ్మిది రోజుల ఖర్చు 120 చిల్లర. మిగతావి ఎక్కడికి పోయాయని ఎవరూ నన్ను అడగలేదు. అతుకు కారిందని నేనే చెప్పాను.

ఇంకా 22 రోజులు

ఇంజను ఆయిల్ దింపాను. తారులా వచ్చింది. కొత్తది పోశాను, 6 లీటర్లు. ఎయిర్ ఫిల్టర్ దులిపితే అరకిలో మట్టి.

డ్యాష్‌బోర్డులో దారి చూపించే అద్దం ఊడదీశాను. అది పనిచేసే రోజుల్లో ఆకాశంలోంచి దారి చెప్పేవారట. నా వయసు పద్దెనిమిది ఉన్నప్పుడు ఆగిపోయింది. బరువు 400 గ్రాములు. నట్లు పోసుకోవడానికి పళ్లెంలా వాడుతున్నాను.

కాశీపతి వచ్చి చూసి పోయాడు. పోయిన ఏడాది కప్పు మీది పలకలు తుడుస్తూ జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ కాలు ఇంకా ఈడుస్తున్నాడు. ఎండ తగలకుండా ఊరంతా కప్పి ఉండే ఆ పలకలే మాకు కరెంటు కూడా ఇస్తాయి. జీపు కూడా తనలాగే ఒక కాలు ఈడుస్తుందా అని అడిగాడు. నాలుగు చక్రాలకూ లాగుడు ఉందని చెప్పాను. అయితే తనకంటే నయమే అన్నాడు.

ఇంకా 19 రోజులు

వెనక ఇరుసు మీద బరువు మోసే కమాన్ కట్టలు దింపాను. కుడివైపు మూడో పట్టీ పగిలింది. మార్చాను. రెండు వైపులా ఒక్కో పట్టీ ఎక్కువ వేశాను. పాత జీపుకు ఇంత బరువు ఎక్కువ. సామాను, నీళ్లు అన్నీ ఎక్కాక 2,350 కిలోలు అవుతుంది. దానికి సరిపడా బిగించాను. నిండు బరువు మీద ఇరుసుకూ బాడీకీ మధ్య ఆరు వేళ్ల సందు ఉండాలి. ఆరు కంటే తగ్గితే గుంతల్లో తగులుతుంది. ఇది గుర్తు పెట్టుకోవాలి.

ముందు చక్రాలకు లాగుడు ఇచ్చే గేరు పెట్టె విప్పాను. బాగుంది. గ్రీజు కొట్టి మూశాను.

ఉరుకుందమ్మ పొద్దుటి నుంచీ పానాలు అందిస్తోంది. మేము మాట్లాడుకోలేదు. రెండేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. ఆ ప్రయాణం గురించి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. మధ్యాహ్నం చేతులు కడుక్కునే వేళ ఒక్క మాట అంది.

"మామా, ఈసారి ట్యాంకు ముందు సూడు."

ఇంకా 17 రోజులు

ట్యాంకు చూశాను. సీట్ల వెనక బోల్టులతో బిగించి ఉంటుంది. కింద కుళాయి, పైన మూత. లోపల ఎంత ఉందో తెలిసే సాధనం లేదు. పెట్టనివ్వరు. దాని సంగతి తరవాత రాస్తాను.

నీళ్లు పోసి పరీక్షించేంత నీళ్లు లేవు. అందుకని మూత, కుళాయి బిగించి, టైర్లకు గాలి కొట్టే పంపుతో లోపల గాలి నింపాను. గ్లాసు నీళ్లలో సబ్బు కలిపి అతుకుల మీద నురగ పూశాను. సందు ఉన్నచోట బుడగ లేస్తుంది.

లేవలేదు.

మూడుసార్లు పూశాను. నాలుగు మూలలు, అడుగు, కుళాయి చుట్టూ. నా అతుకు ఎక్కడ బలహీనమో నాకు తెలుసు. వెనక ఎడమ మూల. అప్పుడు వెల్డింగు రాడ్డు అయిపోతే ముక్కలతో అతికాను. అక్కడ చెవి ఆనించి కూర్చున్నాను. ఏమీ లేదు.

ఇంకా 16 రోజులు

రాత్రంతా ట్యాంకును గాలితో అలాగే ఉంచాను. పొద్దున పంపుకున్న గాలి కొలిచే ముల్లు చూస్తే నిన్నటి గీత మీదే ఉంది. మళ్లీ నురగ పూశాను.

ఒక్క బుడగ వస్తే బాగుండేది. వస్తే అతికేవాణ్ణి.

ఇంకా 13 రోజులు

తలుపుల మడత బందులకు నూనె వేయడానికి ఎడమ తలుపు లోపలి అట్ట విప్పాను. రేకు మీద గీతలు ఉన్నాయి. మేకుతో గీసినవి. ఐదేసి కట్టలుగా, వరసలుగా. ఉరుకుందమ్మను పిలిచి చూపించాను.

లీటరుకు ఒక గీత అని చెప్పింది. కుళాయి తిప్పిన ప్రతిసారీ మారెప్పే గీశాడు. ఇసుక రాపిడికి చెరిగిపోకుండా అట్ట వెనక రేకు మీద గీశాడు.

ఇరవై నాలుగు కట్టలు, మీద మూడు. 123.

చివరి మూడు గీతలు మిగతావాటి లాగానే ఉన్నాయి. పొడవు, లోతు అంతే. లెక్క రాసే అలవాటు వాడికి నా నుంచి వచ్చింది.

కారిపోతే తడి కనపడి ఉండాలి కదా అని అడిగాను. ఎక్కడా తడి చూడలేదని, రోజూ ట్యాంకు కింద చెయ్యి పెట్టి చూసేవాడని ఆమె చెప్పింది. నేను అతుకు కారింది అన్నప్పుడు ఎందుకు చెప్పలేదని అడగలేదు.

210లోంచి 123 తీస్తే 87. ట్యాంకు కారలేదు. 87 లీటర్లకు లెక్క లేదు.

ఇంకా 10 రోజులు

టైర్లు. నాలుగు వేసినవి, రెండు స్టెప్నీలు. ట్యూబులకు ప్యాచీలు 7. ఇసుకలో చక్రం కింద వేసుకునే రేకులు రెండు కోసి తూట్లు పొడిచాను. కానుగ నూనె తొమ్మిది క్యాన్లు, 180 లీటర్లు. ఈ ఇంజను ఆ నూనె మీదే నడుస్తుంది. కొంచెం వాసన.

ఉరుకుందమ్మ తల్లి సుంకమ్మ జొన్నరొట్టెలు తెచ్చింది. నన్ను అన్నా అని పిలుస్తుంది. ముందు నేను తినడం లేదని తిట్టింది. తరవాత తన కూతురు ఎండుకట్టెలా అయిందని తిట్టింది. తరవాత జీపును తిట్టింది. ఇనుముకు చెవులు లేవు కాబట్టి ఎక్కువ సేపు దాన్నే తిట్టింది.

పోయేటప్పుడు ఆగి, "అన్నా, ఆ ట్యాంకు పెరికి పారేసి వేరేది పెట్టరాదా," అంది.

ట్యాంకు బాగుంది అని చెప్పాను. పరీక్షించానని, ఎప్పుడూ కారలేదని చెప్పాను.

సుంకమ్మ రొట్టెల గుడ్డ మడిచి చంకలో పెట్టుకుంది. వెళ్లిపోయింది.

ఇంకా 6 రోజులు

నడిపి చూశాం. ఊరి చుట్టూ 20 కిలోమీటర్లు, పొద్దున ఐదు నుంచి ఏడు వరకు. ఎనిమిది తరవాత బయట ఎవరూ ఉండలేరు. ఫ్యాన్ బెల్టు జారింది, బిగించాను. వెనక చక్రాలను తిప్పే కడ్డీకి ఉండే క్రాస్ శబ్దం చేసింది, మార్చాను. ఇసుకలో దిగబడ్డప్పుడు రేకులు వేసి, ముందు చక్రాలకు లాగుడు కలిపి తీశాం. ఉరుకుందమ్మకు ఒక్క మాట చెప్పాల్సిన పని లేకపోయింది. నాకంటే బాగా నడుపుతుంది.

నీళ్ల లెక్క. ఇద్దరికి రోజుకు 12, 14 రోజులకు 168. రేడియేటర్‌కు 20. అత్యవసరానికి 22. మొత్తం 210.

ధాన్యం కాటా మీద జీపును ఎక్కించి సామానుతో తూచాను. నీళ్లు లేకుండా 2,140.

ఇంకా 4 రోజులు

ఈ రోజు చెంబులు పోశారు.

బయటి ఊళ్లవాళ్లు ఈ పుస్తకం చదివితే వాళ్లకు తెలియదు కాబట్టి రాస్తున్నాను. బండికి నీళ్లు సొసైటీ ఇవ్వదు. ఇంటికొక చెంబు. సొసైటీ ముద్ర ఉన్న మూడు లీటర్ల చెంబు ప్రతి ఇంట్లోనూ ఉంది. చెంబు మీద గుడ్డ కప్పి తెస్తారు, గుడ్డ తీయకుండానే మూత దగ్గర వంచుతారు. ఒకరి నీళ్లు తేటగా, ఒకరివి మురికిగా ఉండవచ్చు. అవి ఒకరికొకరు చూడకూడదని పెద్దలు ఈ గుడ్డ పెట్టారు. పోసేంతసేపూ డప్పు కొడతారు. బండి సిద్ధం చేసినవాడు వీపు తిప్పి నిలబడాలి. డెబ్భై అయ్యాక మూతకు పసుపు గుడ్డ కడతారు. బండి తిరిగి వచ్చేదాకా దాన్ని విప్పరు. ఇచ్చినదాన్ని కొలవడం తప్పు. అందుకే ట్యాంకుకు కొలత పెట్టనివ్వరు.

చెంబు పోయని ఇంటి పేరు కుళాయి వరసలో చివరికి పోతుంది. చివర ఉన్న ఇంటికి కొన్ని రోజులు నీళ్లు అందవు.

నేను వీపు తిప్పి నిలబడ్డాను. కాశీపతి పేర్లు చదివాడు. డెబ్భై పేర్లూ పలికాయి. 70 చెంబులు, చెంబుకు 3, మొత్తం 210. పుస్తకంలో రాశాను. పోయినసారి కూడా ఇలాగే రాశాను.

అందరూ పోయాక టైర్లలో గాలి సరిచూస్తూ వెనక ఇరుసు దగ్గర చెయ్యి పెట్టాను. ఆరు వేళ్లు ఉండాలి. ఎనిమిది ఉన్నాయి.

పట్టీలు కొత్తవి, ఇంకా కూర్చోలేదని అనుకున్నాను. అనుకుని ఇంటికి వచ్చాను.

ఇంకా 3 రోజులు

పొద్దున జీపును కాటా మీదికి ఎక్కించాను. చెంబులు పోశాక బండిని తూచడం ఎవరూ చేయరు. నేను చేశాను.

2,265.

కాటా తప్పు చూపిస్తోందేమోనని 20 కిలోల క్యాను జీపులో పెట్టాను. 20 పెరిగింది. తీశాను. 20 తగ్గింది. కాటా బాగుంది.

2,350 ఉండాలి. 85 తక్కువ.

మారెప్ప గీతల లెక్కలో 87 తక్కువ. ఈ కాటా ఐదు కిలోల కంటే సన్నగా తూచదు. రెండూ ఒకటే అంకె.

85 లీటర్లంటే 28 చెంబులు. ఇరవై ఎనిమిది ఇళ్లవాళ్లు గుడ్డ కింద ఖాళీ చెంబు వంచారు. పోయినసారి కూడా ఇంచుమించు అంతే.

నేను ఎవరి చెంబులోకీ చూడలేదు. ఎవరో నాకు తెలియదు.

ఉరుకుందమ్మ కాటా పలక పక్కన నిలబడి అంకె చూసింది. ఆమెకు లెక్క చెప్పనక్కర లేదు. కాసేపటికి కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను. తరవాత ఆమె చెప్పింది ఇక్కడ రాస్తున్నాను. రాయమని ఆమే అంది.

"అప్పుడు మాయమ్మ చెంబు ఖాళీది మామా."

నువ్వు చూశావా అని అడిగాను.

"సూసేదేముంది? ఆ పొద్దు ఇంట్లో చుక్క ల్యాకుండె. వరసలో పేరు పోతాదని గుడ్డ కప్పుకోని వచ్చె. నాకు తెల్సు. ఒక్క చెంబే గద అనుకొంటి. రెండు నూర్ల పదిలో మూడు. మేమే రోంత తక్కువ తాగితే సరిపోతాది అనుకొంటి. ఆయప్పకు గూడ చెప్పలా."

నేను కాటా అంకె మళ్లీ చూశాను.

"మిగిలింది కారిపోయిందని నువ్వంటివి. అదే నిజమైతే బాగుండునని నమ్మితి. నువ్వు ట్యాంకు కింద చేతులు పెట్టి తడుముతాంటే సూస్తానే ఉంటి. రెండేండ్లు."

తప్పు నా అతుకుది కాదని తెలిశాక ఏదో అనిపిస్తుందని అనుకున్నాను. ఏమీ అనిపించలేదు. కాటా మీది నుంచి జీపు దింపాను. చక్రాలకు రాళ్లు పెట్టాను. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

ఇంకా 2 రోజులు

ట్యాంకులో ఉన్నవి దాదాపు 125. ఒక్కరు పోతే సరిపోతాయి. ఇద్దరు పోతే సరిపోవు. నాకు దారి తెలియదు. ఉరుకుందమ్మ ఒక్కతే పోతే దిగబడ్డప్పుడు రేకులు వేసేవాళ్లు ఉండరు. ఇద్దరం పోకపోతే మోటారు రాదు. రెండు నెలల తరవాత డెబ్భై ఇళ్లకీ వరస ఉండదు.

పుస్తకం కాశీపతికి ఇచ్చాను, రేపు చదవడానికి ఒకసారి చూసుకోమని. కుళాయి తొట్టి పక్కన కూర్చుని చూశాడు. చివరి రెండు పేజీలు రెండుసార్లు చూశాడు. కుంటికాలు చాపుకుని, కాసేపు దాన్నే ఒత్తుకున్నాడు.

"ఇది నేను సదవలేను గిడ్డయ్యా," అన్నాడు.

మళ్లీ ఆ పేజీ తిప్పాడు.

"ఇరవై ఎనిమిది అని రాసినావు. ఎవరెవరో రాయలా. ఎవరో తెల్సునా నీకు?"

చూడలేదని చెప్పాను.

"ఈ రెండు పేజీలు తీసేయ్. నీళ్లు యెట్లోగట్ల నేను సూస్తా. తొట్టిలోంచి తెల్లారకముందే పోయిస్తా. ఎవరికీ తెలియనక్కరలే. ఊరు పరువు నిలబడతాది."

మంచి ఉపాయమే. ట్యాంకు నిండుతుంది. మేం పోతాం. కానీ మూడో బండికి మళ్లీ గుడ్డలే కప్పుకుని వస్తారు. అప్పుడు సిద్ధం చేసేవాడు 210 అని రాస్తాడు. అప్పటికి నేను ఉండను.

ఇంత పొడుగు నేను చెప్పలేదు. చెప్పడం రాదు. తీయను అని మాత్రం అన్నాను.

"అయితే నువ్వే సదువుకో," అని పుస్తకం నా ఒళ్లో పెట్టి పోయాడు.

ఇంకా 1 రోజు

నేనే చదివాను.

పొద్దున ఆరుకు మొదలుపెట్టాను. అందరూ వచ్చారు. నేను అందరి ముందూ ఎప్పుడూ చదవలేదు. నా చదువు నెమ్మది. అక్షరం మీద వేలు పెట్టుకుని పోవాలి. టైర్లు, కమాన్ పట్టీలు, ఫ్యాన్ బెల్టు. జనం చాలాసేపు ఓపిక పట్టారు. ఎవరో ఈయన రేవు చేరేసరికి చదవడం అయిపోతుందిలే అన్నారు. కొంతమంది నవ్వారు. నురగ పూసిన పేజీకి వచ్చేసరికి నవ్వు ఆగింది.

గీతల పేజీ చదివాను. 123 అన్నాను. కాటా పేజీ చదివాను. 2,265 అన్నాను. ఉరుకుందమ్మ చెప్పింది చదివేటప్పుడు ఆమె నా పక్కనే నిలబడి ఉంది. కాశీపతి నాతో అన్నది కూడా చదివాను. అది పుస్తకంలో ఉంది కాబట్టి.

చదవడం అయిపోయాక పుస్తకం మూశాను. ఎవరూ లేవలేదు.

సుంకమ్మ లేచి ఇంటికి పోయింది. కూతురి మీద కోపంతో పోయిందని అనుకున్నాను. చెంబు పట్టుకుని వచ్చింది. గుడ్డ లేదు. జీపు ముందు నేల మీద బోర్లించి పెట్టింది.

"అప్పుడూ ఖాళీదే. మొన్నా ఖాళీదే," అంది. "నా అల్లుని నోట్లో పోయాల్సింది గుడ్డ కింద దాచుకొంటి. నా పేరు చివరన రాయండి."

తరవాత కాశీపతి. కుంటుకుంటూ ఇంటికి పోయి వచ్చేసరికి చాలా సేపు పట్టింది. ఎవరూ కదలలేదు. ఆయనా చెంబు బోర్లించాడు. దాని పక్కనే నిలబడ్డాడు.

తరవాత ఒకరి వెనక ఒకరు. సుంకమ్మది, కాశీపతిది కలిపి లెక్కపెట్టాను. 26. ఇంకో రెండు రాలేదు. నేను ఎవరి మొహమూ చూడలేదు.

ఇన్ని పేర్లు చివర రాయాలంటే వరసకు మొదలు ఉండదని కాశీపతి అన్నాడు. ఇకమీదట చెంబు పోయలేనివాళ్లు పోయలేమని చెప్పవచ్చనీ, పేరు కదలదనీ చెప్పాడు. సొసైటీ పుస్తకంలో రాయించి నాతో చదివించాడు. బాగా చదివే ఆయన ఉండి నన్ను ఎందుకు చదవమన్నాడో అడగలేదు.

పసుపు గుడ్డ విప్పాను. ట్యాంకు మొత్తం ఖాళీ చేసి లీటరు డబ్బాతో కొలిచాను. 126. తొట్టిలోంచి సొసైటీ 40 ఇచ్చింది. ఇళ్లవాళ్లు ఎవరికి ఉన్నంత వాళ్లు తెచ్చారు. గుడ్డలు లేవు, డప్పు లేదు. కొందరు రెండు లీటర్లు, కొందరు గ్లాసు. సుంకమ్మ పావు లీటరు తెచ్చింది. అన్నీ నా ఎదురుగా డబ్బాలో పోసి, డబ్బాలోంచి ట్యాంకులో పోశాం. ఇళ్లవి 30.

మొత్తం 196. కావలసినవి 188. అత్యవసరానికి 8.

జీపును కాటా మీద పెట్టాను. 2,335. వెనక సందు ఆరు వేళ్ల కంటే ఒక నూలు ఎక్కువ.

దారి, 1వ రోజు

తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాం. 61 కిలోమీటర్లు. ఎండ ఎక్కాక బండ నీడన ఆపి పడుకున్నాం. సాయంత్రం మళ్లీ రెండు గంటలు. ఎడమ స్టెప్నీ తాడు వదులైంది, బిగించాను.

తలుపు అట్ట తీసేసి వచ్చాం. గీతలు కనపడేలా ఉన్నాయి. నేను మేకు పట్టుకుని మారెప్ప వరసల కింద మొదటి గీత గీయబోతే, కింద కాదు పక్కన గీయమని ఉరుకుందమ్మ చెప్పింది. పక్కన గీశాను.

ఖర్చు 13. ఉన్నవి 183.

దారి, 5వ రోజు

59 కిలోమీటర్లు. రేకులు మూడుసార్లు వేశాం. ముందు కుడి టైరు పంక్చరు. ఖర్చు మొత్తం 67. ఉన్నవి 129.

నీళ్లు తాగేటప్పుడు ఆమె గ్లాసులో చివరి గుక్క వదిలి నాకు ఇస్తుంది. అవసరం లేదని లెక్క చూపించాను. లెక్క తెలుసు అంది. అయినా ఇచ్చింది. మారెప్ప తనకు అలా ఇచ్చేవాడని తరవాత చెప్పింది. ఆ ప్రయాణం గురించి ఇంకా చెప్పింది. అది ఈ పుస్తకంలో రాయను.

దారి, 9వ రోజు

60 కిలోమీటర్లు. ఖర్చు మొత్తం 121. ఉన్నవి 75.

సాయంత్రం ఆరున్నరకు ఒక ఎండిన వంకలో ఆపింది. ఇంజను ఆపి స్టీరింగు మీద చేతులు అలాగే పెట్టుకుంది. దిగమని చెప్పలేదు. దిగాను. పల్చటి రాళ్లు పేర్చి ఉన్నాయి, మనిషి పొడవున. రెండేళ్ల గాలికి ఒకవైపు ఇసుక మేట వేసింది. చేత్తో తీశాను. ఒక రాయి జారి ఉంటే సరిగా పెట్టాను.

రేడియేటర్ చూశాను. నిండుగా ఉంది. ఇంజను ఆయిల్ సరిపోయింది. రొట్టె తిన్నాం.

దారి, 10వ రోజు

పొద్దున ఐదు. కుళాయి నేనే తిప్పాను. డబ్బా నిండింది. గీత గీశాను. 122. ఇద్దరం తాగాం.

మళ్లీ తిప్పాను. నిండింది. 123. క్యానులో పోశాను, దారిలో తాగడానికి.

ఉరుకుందమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఇటువైపు వరసలో 123, అటువైపు వరసలో 123. కుళాయి మీద చెయ్యి పెట్టి నన్ను చూసింది. తిప్పమన్నాను.

నీళ్లు వచ్చాయి. అంతకుముందు ఎంత లావున వచ్చాయో అంతే లావున వచ్చాయి. డబ్బా నిండేదాకా ఇద్దరం చూశాం.

ముందుకు కావలసినవి 65. ఇది పోను ఉన్నవి 72. సరిపోతాయి.

ఆ లీటరు మేం తాగలేదు. రాళ్ల దగ్గరికి తీసుకుపోయి, తల వైపు ఏదో ఆమెను అడిగి, అక్కడ పోశాను. వెంటనే ఇంకిపోయింది.

గీత మా వైపు గీయలేదు. వాడి వరస చివర, మూడు గీతల పక్కన గీశాను.

లెక్క: మారెప్పకు, 1.

ఐదూ నలభైకి బయల్దేరాం.